జానెడయ్య మోయని బరువు

ఆదివారం పొద్దున దూలం పెట్టుకున్న పనులు చాలా తక్కువ. కాఫీ తాగాలి, హాల్లో బల్ల తుడవాలి, పదింటికల్లా మిగతావాళ్లు రాగానే ఆటకి కూర్చోవాలి, సాయంత్రం దాకా ఏ వస్తువూ ఎత్తకూడదు. ఈ చివరిది ఆయన ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోయినా, ఆదివారం పుట్టిందే అందుకోసమని ఆయన గట్టి నమ్మకం.

దూలం అనేది అత్తవారు ముద్దుగా పెట్టిన పేరు. ఏ గుమ్మంలోకి వచ్చినా ఆయన తల వంచుకునే వస్తాడు. అది వినయం కాదు, అనుభవం. చేసేది చేతిగడియారాల రిపేరు. రోజంతా కంటికి భూతద్దం తగిలించుకుని, ఆవగింజంత మరలతో కుస్తీ పడుతుంటాడు. ఆ సంగతి ఎవరికి కావాలి? వీధిలో ఎవరింట్లో గ్యాస్ బండ మార్చాలన్నా, ఫ్రిజ్ మేడ మీదికి ఎక్కించాలన్నా, "మన దూలం ఉన్నాడుగా" అనేస్తారు. ఒళ్లిచ్చిన దేవుడు దానికి తగ్గ నోరివ్వడం మర్చిపోయాడు. కాదనడం ఆయనకు చేతకాదు.

ఒక్క ఆటలో మాత్రం ఆయన చిన్నవాడు. బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్ర తీసుకుని, పాచికలు వేసుకుంటూ లేని అడవుల్లో లేని రాక్షసులతో పోరాడే ఆట అది. బావమరిది కథ నడిపిస్తాడు. భార్య మంత్రగత్తె. భార్య స్నేహితురాలు, అంటే వీధి చివర పళ్ల డాక్టరమ్మ, ఏడడుగుల రాక్షసజాతి వీరనారి. దూలం మరుగుజ్జు జాతివాడు, పేరు జానెడయ్య. నియమాల ప్రకారం మరుగుజ్జులు మెల్లగా నడుస్తారు, పెద్ద కత్తి పట్టలేరు, మూట మోయలేరు. ఎవరికైనా ఇవి లోపాలు, దూలానికి వరాలు. "నా వల్ల కాదు, చిన్నవాణ్ణి" అని ఆయన నోరారా అనగలిగే చోటు ఈ భూమ్మీద ఆ బల్ల ఒక్కటే. అప్పుడు వీరనారి ఆయన్ని భుజం మీద ఎక్కించుకుని నడుస్తుంది. ఆ భుజం మీద కూర్చుని ఆయన ఎన్ని కొండలు దాటాడో, ఎన్ని కునుకులు తీశాడో లెక్కలేదు.

భార్య స్నానానికి వెళ్లిన సమయంలో కొరియర్ వచ్చింది. ఆటకి సవరించిన కొత్త నియమాల పుస్తకం. అందరూ ఇక్కడే చేరతారని బావమరిది ఈ చిరునామాకే తెప్పించాడు. దూలం సంతకం పెట్టి, అట్ట విప్పి, ఆత్రంగా మరుగుజ్జుల పేజీ తీశాడు. చదువుతూ కాఫీ పక్కన పెట్టేశాడు. ఇకమీదట చిన్నజాతులు అందరితో సమానంగా నడవగలవట, పెద్ద ఆయుధాలు పట్టగలవట, అందరంత బరువూ మోయగలవట. రాసినవాళ్లు చిన్నవాళ్లకి న్యాయం చేశామనుకుని ఉంటారు. దూలానికి మాత్రం ఉన్న ఒక్క గూడూ పీకేసినట్టయింది.

ఏం చేస్తున్నాడో తెలిసేలోపే చెయ్యి పైకి లేచి పుస్తకాన్ని పడకగదిలో బీరువా మీద పెట్టేసింది. అక్కడికి ఆ ఇంట్లో మరెవరి చూపూ అందదు. పుస్తకం కాసేపు నిలబడి, వెనక్కి జారి, బీరువాకీ గోడకీ మధ్య ధబ్బున పడింది. "పోనీలే," అనుకున్నాడు దూలం. ఈ ఒక్క వారం గడిస్తే చాలు.

పదింటికి బావమరిది వచ్చాడు, వెనకే డాక్టరమ్మ. చెప్పులు విప్పకుండానే బావమరిది అడిగాడు.

"బావా, పుస్తకం వచ్చిందా?"

"రాలేదే."

"ఇచ్చేశామని నాకు మెసేజ్ వచ్చిందే!"

"వాళ్లంతే. ముందు మెసేజ్ పెట్టేసి, తీరిగ్గా తెస్తారు."

బావమరిది ఊరుకునే రకం కాదు. అక్కడికక్కడే కొరియర్ అతనికి ఫోన్ చేసి, అందరూ వినేలా స్పీకర్ పెట్టాడు.

"ఇచ్చేశాను సార్. చాలా పొడుగాయన. సంతకం పెట్టి లోపలికెళ్తూ గుమ్మానికి తల కొట్టుకున్నారు కూడా."

అందరూ దూలం నుదుటికేసి చూశారు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు ఆయన నుదురు తడుముకున్నాడు.

"ఆఁ... ఏదో తీసుకున్నట్టే గుర్తు. నిద్రమత్తులో ఎక్కడో పెట్టేశాను."

"అయితే ఇంట్లోనే ఉందన్నమాట," అంది భార్య, చీర కొంగు బొడ్లో దోపుకుంటూ. ఆమెకి వెతకడమన్నా దులపడమన్నా ఒకటే ఉత్సాహం. "ఎక్కడికి పోతుంది? వెతుకుదాం. ముందు పడకగది."

"పడకగదా!" దూలం గుమ్మానికి అడ్డం వచ్చాడు. "వద్దొద్దు, కొరియర్ వచ్చినప్పుడు నేను హాల్లోనే ఉన్నాను. సోఫా కింద చూద్దాం."

సోఫా ఎవరు ఎత్తాలి? ఆయనే ఎత్తాడు. కింద ఎప్పుడో పోయిన భార్య చెవిదుద్దు దొరికింది. భార్య మొహం వెలిగిపోయింది. "చూశారా! అన్నీ జరపాల్సిందే. ఎలాగూ జరుపుతున్నాం కాబట్టి దులిపేద్దాం. సోఫా బయట పెట్టండి."

సోఫా మెట్ల దగ్గర వసారాలోకి వెళ్లింది. భార్య పడకగది వైపు అడుగేసిన ప్రతిసారీ దూలం మరో సామాను చూపించాడు. "ఫ్రిజ్ వెనక పడిందేమో?" ఫ్రిజ్ వసారాలోకి వెళ్లింది. "పుస్తకాల రాక్‌లో కలిసిపోయిందేమో?" రాక్ వెళ్లింది. భోజనాల బల్ల వెళ్లింది, వాషింగ్ మెషిన్ వెళ్లింది. లేని ఊళ్లో లేని మూటలు మోయాల్సి వస్తుందన్న భయంతో ఆ మనిషి ఉన్న ఇంట్లో ఉన్న సామానంతా మోశాడు. తేలు కుట్టిన దొంగలా నోరు మెదపకుండా, చెమటలు కక్కుతూ మోశాడు.

దూలం మోచేతి ఎత్తు కూడా లేని డాక్టరమ్మ వాషింగ్ మెషిన్‌కి ఓ పక్క చెయ్యి వేయబోయింది. "అమ్మో, నువ్వు పక్కకి జరుగు తల్లీ, నలిగిపోతావు," అని భార్య ఆమెను భద్రంగా ఓ మూల నిలబెట్టింది.

అప్పుడే కింద వాటాలోంచి ఇంటావిడ, అంటే వీళ్లు అద్దెకుంటున్న ఇంటి యజమానురాలు, పైకొచ్చింది. మెట్ల దగ్గర సంసారమంతా పేర్చి ఉండడం చూసి బుగ్గ నొక్కుకుంది.

"చెప్పాపెట్టకుండా ఇల్లు ఖాళీ చేసేస్తున్నారా?"

"అయ్యో, లేదండీ," అంది భార్య. "పుస్తకం కనబడకపోతే వెతుకుతున్నాం."

"పుస్తకం కోసం వాషింగ్ మెషిన్ బయట పెడతారా ఎవరైనా? నాకు చెవిలో పువ్వులు పెట్టకండి." వసారాలో ఉన్న సోఫాలోనే కూర్చుని ఆవిడ ఫోన్ తీసింది. "ఒరేయ్ తమ్ముడూ, మేడ వాటా ఖాళీ అవుతోంది. ఎప్పటినుంచో అడుగుతున్నావుగా, సామాన్లు వేసుకుని వచ్చెయ్!"

భార్య మొహంలో నెత్తురుచుక్క లేదు. ఈ ఇల్లు దొరకడానికి వాళ్లు ఎక్కని గడప లేదు. అందులోనూ దూలం తలకి తగలకుండా ఫ్యాన్ తిరిగే ఇల్లు వీధి మొత్తానికి ఇదొక్కటే.

"నిజంగా పుస్తకమేనండీ," అంది జాలిగా.

"ఏదీ, చూపించండి మరి."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. దూలం ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాడు. తర్వాత పడకగదిలోకి వెళ్లి, బీరువాని గోడ నుంచి లాగి, దుమ్ము కొట్టుకుపోయిన పుస్తకాన్ని తెచ్చి ఇంటావిడ ముందు పెట్టాడు. రెండు గంటలు వెతికినా దొరకని వస్తువు నిమిషంలో వచ్చేసరికి అందరికీ విషయం అర్థమైంది.

"నువ్వే దాచావా బావా?" బావమరిది నోరు తెరిచాడు. "ఎందుకు?"

దూలం వాషింగ్ మెషిన్‌కి ఆనుకున్నాడు. ఇంత మనిషి గొంతు ఇంతే వచ్చింది.

"అందులో చిన్నవాళ్లూ అందరితో సమానంగా మోయగలరని రాశారురా. రేపట్నుంచి అక్కడ కూడా మూటలన్నీ జానెడయ్యకే ఇస్తారు. మోయడం కష్టమని కాదు. మోస్తూనే ఉన్నానుగా. ఒక్కచోటైనా ఎవరూ నన్ను అడక్కుండా ఉంటారని..."

భార్య కొంగు బొడ్లోంచి తీసేసింది. తన మొగుడికి అలసట ఉంటుందని ఆమెకు తెలుసు. దాన్ని దించుకోవడానికి చోటు కూడా కావాలనే సంగతే ఇవాళ తెలిసింది.

మూల నిలబడ్డ డాక్టరమ్మ ముందుకొచ్చింది.

"అన్నయ్యగారూ, ఆ పేజీ నేను మొన్ననే ఫోన్‌లో చదివాను. పుస్తకం రాకుండా ఉంటే బాగుండునని మొక్కుకున్నాను కూడా."

"మీరా? మీకేం నష్టం?"

"మీరు మీ కాళ్ల మీద నడిచేస్తే ఇక నేను మోసేదెవర్ని? బయట నా చేతిలో కూరల సంచి కూడా ఉంచరు. 'అమ్మో, మీరేం మోస్తారు' అని లాక్కుంటారు. రోజూ దవడ పళ్లు పీకే చెయ్యండీ ఇది! ఆ భుజం మీద మీరుంటేనే నేనూ ఒక మనిషినని నాకనిపిస్తుంది."

బావమరిది ఏదో అనబోతే భార్య చేత్తోనే ఆపి, పుస్తకం అందుకుని దుమ్ము ఊది, ఆ పేజీ శ్రద్ధగా చదివింది.

"మోయగలరు అని ఉంది. సరే, మోయగలరు. మోసి తీరాలని ఎక్కడుంది?" అని పుస్తకం మూసి మొగుడి వైపు చూసింది. "నేనూ ఇన్నాళ్లూ ఆ రెండూ ఒకటే అనుకున్నాను లెండి."

"కథ నడిపేవాణ్ణి నేను," అన్నాడు బావమరిది గొంతు సవరించుకుని. "జానెడయ్య భుజం దిగక్కర్లేదు. ఇది తీర్పు."

దూలం ఉన్నచోటే నేల మీద కూలబడ్డాడు. గుండెల మీంచి పెద్ద బండ దిగిపోయింది, అదీ వేరే ఎవరో దించారు. ఆయనకి నవ్వొచ్చింది, కళ్లల్లో నీళ్లూ వచ్చాయి. ఇంటావిడ తమ్ముడికి మళ్లీ ఫోన్ చేసి రావద్దంది. అతను ఇంకా మంచం కూడా దిగలేదట.

సామాను లోపలికి చేర్చడానికి ఈసారి నలుగురూ చేతులు వేశారు. వాషింగ్ మెషిన్‌కి ఒక కొస డాక్టరమ్మ పట్టింది. "నలుగుతావే" అనడానికి భార్య నోరు తెరిచి, మళ్లీ మూసుకుంది. మెషిన్ ఎక్కడా గోడకి తగలకుండా లోపలికి వెళ్లింది.

చివరికి మిగిలింది సోఫా. దాని మీంచి లేస్తూ ఇంటావిడ దూలం వైపు తిరిగింది. "ఎలాగూ పనిలో ఉన్నావుగా బాబూ, కింద మా బీరువా కూడా కాస్త పక్క గదిలోకి జరిపి పెట్టు. నీకైతే చిటికెలో పని."

అలవాటు కొద్దీ "అలాగేనండీ" అన్న మాట దూలం నాలుక చివరిదాకా వచ్చింది. అది బయటపడేలోపు డాక్టరమ్మ వెళ్లి ఆయనకు అడ్డంగా నిలబడింది.

"ఆయన వల్ల కాదండీ. మా అందరిలోకీ ఆయనే చిన్నవారు."

ఇంటావిడ తల వంచి ఆమెనూ, తలెత్తి ఆయన్నీ చూసి, మెడ రాసుకుంటూ మెట్లు దిగిపోయింది.