ఎనిమిదోసారి, ఎవరికీ చెప్పకుండా

సోమవారం ఉదయం ఏడు గంటలకి పంపుల ఫ్యాక్టరీ స్టోర్ కీపర్ స్నానాల గది గడియ వేసుకుని, ఎడమ భుజానికి కాస్త కిందుగా నికోటిన్ పట్టీ ఒకటి అంటించుకుని, ఊడిపోకుండా దాన్ని అరచేత్తో అదిమిపట్టి అంకెలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. బయట భార్య తలుపు దబదబా బాదింది.

"లోపలేం చేస్తున్నారండీ? నాకు స్కూలుకి టైమవుతోంది!"

"వస్తున్నా, వస్తున్నా... ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది..."

"ఏంటా ముప్పై తొమ్మిది?"

"ఏం లేదు!"

సిగరెట్ మానడానికి ఓ పట్టీ వేసుకున్నాడు, అంతే. ఇంత చిన్న పనికి మూడు వారాలు తిరిగేసరికి ఫ్యాక్టరీ ఫ్యాక్టరీ అంతా కళ్ళు తుడుచుకుంటుందని ఆయనకేం తెలుసు, పాపం!

నిజానికి సిగరెట్ మానడం ఆయనకి కొత్తేం కాదు. అంతకుముందు ఏడుసార్లు మానేశాడు. ఏడుసార్లూ ఇంట్లో చెప్పి, వీధిలో చెప్పి, చాటింపు వేసి మరీ మానేశాడు. ఐదోసారి మానేసిన మూడోనాడు మేడ మీద నీళ్ళ ట్యాంకు వెనక పొగ లేస్తుంటే పక్కింటివాళ్ళు నిప్పంటుకుందనుకుని బకెట్లతో పరిగెత్తుకొచ్చారు. ఏడోసారి సంగతి బయటపడ్డప్పుడు మాత్రం, స్కూల్లో లెక్కలు చెప్పే భార్య కేకలు వెయ్యలేదు, ఏడవలేదు. చాలా నెమ్మదిగా అంది:

"కాల్చుకోండి. నేనేమీ అనను. కానీ 'మానేశాను' అన్న మాట ఇంకెప్పుడూ నా ముందు అనకండి. ఆ కంపైనా భరిస్తాను గానీ, ఆ మాట భరించలేను."

కేకలేస్తే ఆయనకి ఓ చెవిన విని ఓ చెవిన వదిలెయ్యడం అలవాటే. ఈ నెమ్మదే ఆయన్ని కోసేసింది. పొగరాయుడంటే పడతాడు. కట్టుకున్న మనిషి తన మాటకి పూచికపుల్ల విలువ కూడా ఇవ్వడం లేదంటే ఎలా పడతాడు? అందుకే ఈసారి ఎనిమిది వారాలూ పూర్తయ్యేదాకా ఎవరికీ చెప్పకూడదనుకున్నాడు. యాభై ఆరు రోజులూ గడిచాక ఆవిడ ఎదురుగా కూర్చుని ఒకే ఒక్కసారి "మానేశాను" అనాలి. ఆవిడ నమ్మాలి. ఆయనకి కావలసింది ఇంతే.

మందుల షాపావిడ పెట్టెలు రెండు కౌంటర్ మీద పెట్టి, ఒకటో తరగతి పిల్లాడికి చెప్పినట్టు చెప్పింది.

"రోజుకో పట్టీ. ఏ టైముకి వేసుకుంటే మర్నాడు అదే టైముకి మార్చాలి. అప్పటికీ ప్రాణం లాగేస్తుంటే ఈ గమ్ ఒకటి నోట్లో వేసుకోండి. మామూలు గమ్‌లా నమిలెయ్యకండి. కాసేపు నమిలి, నోరు చురచురలాడగానే బుగ్గలో ఓ పక్కన పెట్టి ఉంచాలి. కాఫీ తాగిన వెంటనే వద్దు. గబగబా నమిలారంటే ఎక్కిళ్ళొస్తాయి, తర్వాత నన్ననొద్దు."

ఇక్కడ ఆయన ఉద్యోగం గురించి ఒక ముక్క చెప్పాలి. ఆ స్టోర్స్‌లో ఆయిల్ డబ్బా కానివ్వండి, రబ్బరు వాషరు కానివ్వండి, తెల్ల చీటీ పడకుండా రాక్ ఎక్కడానికి వీల్లేదు. చీటీ మీద మూడు గళ్ళు: సరుకు, వచ్చిన తేదీ, గడువు. ఇరవై ఆరేళ్ళ నుంచి అదే పని చేసీ చేసీ ఆయనకది ఎముకల్లోకి పాకింది. ఇంట్లో పౌడరు డబ్బాకి చీటీ, టార్చిలైటు సెల్స్‌కి చీటీ. అలాంటి మనిషి, చీటీ లేని సరుకు సొంత ఒంటి మీద పెట్టుకుని తిరగ్గలడా? చిన్న చీటీ ఒకటి తీసి పట్టీ మీద అంటించాడు. రహస్యం కనక సరుకు గడిలో ఏమీ రాయలేదు. గడువు గడిలో మాత్రం గుండ్రటి అక్షరాలతో "రేపు ఉదయం 7" అని రాశాడు. రోజూ పాత పట్టీ తీసి కొత్త పట్టీ, పాత చీటీ తీసి కొత్త చీటీ.

తొమ్మిది రోజులు బ్రహ్మాండంగా గడిచాయి. మధ్య మధ్య ఒళ్ళంతా చికాకు పుట్టుకొచ్చేది. నోరు తెరిస్తే ఏం కూస్తానో అన్న భయంతో, భార్య ఏం చెప్పినా "నువ్వెలా అంటే అలాగే" అని ఊరుకునేవాడు. ఆ మాట ఆయన నోట ఇరవై రెండేళ్ళలో ఆవిడ విని ఎరగదు.

పదోరోజు సాయంత్రం వంటింటి సింకు కింద గొట్టం కారుతుంటే బనీనుతో కూర్చుని మరమ్మతు మొదలుపెట్టాడు. పక్కన భార్య టార్చి పట్టుకుని వంగింది. వెలుతురు గొట్టం మీద పడాల్సింది కాస్తా ఆయన చేతి మీద పడింది. తోలురంగు పట్టీ, దాని మీద చీటీ, చీటీ మీద మొగుడి దస్తూరీ. గడువు: రేపు ఉదయం 7.

ఆవిడ దాన్ని రెండుసార్లు చదివింది. టార్చి ఆయన చేతికిచ్చేసి, బాల్కనీలోకి వెళ్ళి తమ్ముడికి ఫోన్ చేసింది. ఈ తమ్ముడు ట్రావెల్స్ ఆఫీసులో టికెట్లు బుక్ చేస్తాడు గానీ, వైద్యంలో తనకి తెలియని సంగతి లేదని అతని నమ్మకం.

"అక్కా, ఏడవకు. అది గుండెకి వేసే పట్టీ. మా ఆఫీసులో ఒకాయన వేసుకునేవారు."

"వేసుకునేవారంటే? ఇప్పుడెలా ఉన్నారు?"

తమ్ముడు నీళ్ళు నమిలాడు. "ఇప్పుడు... ట్రాన్స్‌ఫరయ్యారులే."

"మరి ఆ గడువేంట్రా?"

"అదే నాకూ భయంగా ఉంది. ఏ రోజుకారోజు పొడిగిస్తున్నారేమో! బావ సిగరెట్లు కాలుస్తున్నాడా?"

"పది రోజులుగా బాల్కనీ వైపే రావడం లేదురా. ఏమన్నా 'నువ్వెలా అంటే అలాగే' అంటున్నారు."

"బావ అంత మాటన్నాడా!" తమ్ముడు ముక్కు చీదాడు. "అయితే ఆయనకంతా తెలుసక్కా. నువ్వు తట్టుకోలేవని దాస్తున్నాడు. నువ్వేమీ అడక్కు. మనకి తెలిసిపోయిందని తెలిస్తే ఆ గుండె ఇంకేమన్నా అవుతుంది."

మర్నాడు ఏడు కొట్టేసరికి ఆవిడ స్నానాల గది తలుపుకి చెవి ఆనించి నిలబడింది. లోపల అంకెలు వినబడుతున్నాయి. అరవై దాకా వచ్చి ఆగిపోయాయి. ఆవిడ తలుపు బాదబోయింది. ఇంతలో ఆయన కూనిరాగం తీస్తూ బయటికొచ్చాడు.

"ఏంటి, ఇక్కడ నిలబడ్డావ్?"

"ఏం లేదండీ. మీరు బాగున్నారుగా?"

"నాకేం? దుక్కలా ఉన్నాను."

ఆ ధైర్యానికి ఆవిడకి దుఃఖం ముంచుకొచ్చింది.

బావమరిది అక్కకి "ఎవరికీ చెప్పొద్దు" అని చెప్పి, తను మాత్రం ఫ్యాక్టరీ మేనేజరుకి ఫోన్ చేశాడు. ఎంతైనా బరువులెత్తే చోటు, ముందు జాగ్రత్త ఉండాలి కదా! మేనేజరు అదిరిపడ్డాడు. ఆయనకప్పటికే అనుమానం. క్రితం వారమే సరుకు ఇండెంటు గురించి అడగబోతే స్టోర్ కీపర్ మూతి ఓ పక్కకి లాగేసినట్టుంది, మాట ముద్దముద్దగా వచ్చింది. అది బుగ్గలో గమ్ పెట్టుకున్న మనిషి మాట అని ఆయనకెలా తెలుస్తుంది? కాఫీ ఇస్తే వద్దన్నాడు కూడా. రోజుకి ఆరు కాఫీలు తాగే మనిషి!

సోమవారం స్టోర్ కీపర్ డ్యూటీకి వచ్చేసరికి రాకుల దగ్గర ఉండాల్సిన నిచ్చెన లేదు. దాని చోట మెత్తటి కుర్చీ వేసి ఉంది. మంగళవారం "మీకెందుకండీ శ్రమ" అంటూ రిజిస్టరు అకౌంటెంటు తీసుకెళ్ళాడు. బుధవారం మేనేజరు స్వయంగా వచ్చి, కళ్ళలోకి చూడకుండా చెయ్యి చాపాడు.

"ఆ తాళాలు ఇలా ఇవ్వండి. గుత్తి బరువుగా ఉంటుంది."

"బరువా? ఇరవై ఆరేళ్ళుగా మోస్తున్నాను సార్!"

"అదే కదా. ఇంక చాల్లెండి."

స్టోర్ కీపర్ దగ్గర తాళాలు తీసుకున్నాక ఇంకేం మిగిలింది? తనని ఉద్యోగంలోంచి పీకేస్తున్నారని ఆయనకి అర్థమైపోయింది. ఎందుకో అర్థం కాలేదు. ఇంటికెళ్తే భార్య కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అంటే ఆవిడకీ చెప్పేశారన్నమాట! ఆవిడంతట ఆవిడ ఎత్తకపోతే తనెందుకు కదిపి ఏడిపించడం అని నోరు మెదపలేదు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, ఒకరినొకరు ఓదార్పుగా చూసుకుంటూ భోంచేశారు.

గురువారం సాయంత్రం ఆయన కాళ్ళు వాటంతటవే వీధి చివర సిగరెట్ల షాపు దగ్గర ఆగాయి. షాపువాడు అడక్కుండానే పెట్టె తీసి ముందు పెట్టాడు. ఉద్యోగం పోయే మనిషికి ఒక్క సిగరెట్ కూడా వద్దా? ఎవరు చూస్తారు? ఎవరూ చూడరు. కానీ యాభై ఆరో రోజున ఆవిడ ముందు కూర్చున్నప్పుడు తనకి తెలుస్తుంది కదా! "వద్దులే," అనేసి, గమ్ రెండు బిళ్ళలు ఒకేసారి నోట్లో వేసుకుని కసిగా నమిలేశాడు. మందుల షాపావిడ చెప్పినట్టే ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. మర్నాటికి కూడా, గమ్ వేసుకున్నప్పుడల్లా వస్తూనే ఉన్నాయి.

శుక్రవారం మధ్యాహ్నం క్యాంటీన్ హాల్లో మీటింగ్ అన్నారు. వెళ్తే వంద మంది నిలబడి ఉన్నారు. ముందు వరసలో భార్యా, బావమరిదీ! మేనేజరు ప్రశంసాపత్రం ఒకటి పట్టుకుని గొంతు సవరించుకున్నాడు.

"ఇది రెండేళ్ళ తర్వాత రిటైర్మెంటప్పుడు ఇవ్వాల్సింది. ఎందుకైనా మంచిదని... ఇప్పుడే ఇస్తున్నాం. ఇంత నిక్కచ్చి మనిషిని మళ్ళీ చూడబోం."

"సార్, ఇంతకీ నేను చేసిన తప్పు... హిక్!"

ఆ ఎక్కిలికి హాలంతా ఉలిక్కిపడింది. "కుర్చీ! కుర్చీ వెయ్యండి!" అని అరిచాడు బావమరిది. భార్య ఇంక ఆగలేకపోయింది. గబగబా వచ్చి, హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఏదో తీసి ఆయన చేతిలో పెట్టింది. చూస్తే సిగరెట్ పెట్టె. ఆయన కాల్చే బ్రాండే.

"ఇరవై రెండేళ్ళు మిమ్మల్ని సాధించాను. నాకు బుద్ధి లేదు. హాయిగా కాల్చుకోండి. ఇక్కడే కాల్చుకోండి, ఎవరూ ఏమీ అనరు," అంటూ వెక్కివెక్కి ఏడ్చింది. మేనేజరు అగ్గిపుల్ల వెలిగించి పట్టుకున్నాడు కూడా.

స్టోర్ కీపర్ ఆ పెట్టెనీ, ఆ పుల్లనీ, భార్య మొహాన్నీ మార్చి మార్చి చూశాడు. యాభై ఆరు రోజుల వ్రతం అక్కడితో సరి. అనకూడదన్న మాట అనక తప్పలేదు.

"నేను మానేశాను."

హాలంతా గొల్లుమని ఏడ్చింది. "అయిపోయింది!" అని నెత్తి కొట్టుకున్నాడు బావమరిది. "బావ నిజంగా మానేశాడంటే బాగా ముదిరిపోయిందన్నమాట!" వెనకెవరో అంబులెన్సుకి ఫోన్ చేస్తున్నారు.

"ముదరడమేంటయ్యా! హిక్! నాకేం రోగం?" ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచి పట్టీ చూపించాడు. సంచీలోంచి పెట్టెలు రెండూ తీసి భార్య చేతిలో పెట్టాడు. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని, లోపలి కాగితం మడతలు విప్పి, పరీక్ష పేపరు దిద్దినట్టు ఒక్కొక్క లైనే వేలు పెట్టి చదివింది.

"సిగరెట్ మానదలచినవారికి," అంది చివరికి. "గుండె మాటే లేదు ఇందులో. మరి గడువు?"

"పట్టీకి! రోజూ ఏడింటికి మార్చాలి."

అందరూ బావమరిది వైపు తిరిగారు. ఆయన తల వంచుకుని తన చెప్పులు పరీక్షించుకున్నాడు.

"ఎన్ని రోజులైంది?" అంది భార్య.

"ఇవాళ్టికి పంతొమ్మిది."

"ఒక్కటి కూడా కాల్చలేదా?"

"ఒక్కటి కూడా."

ఆవిడ ఆయన కళ్ళలోకి చాలాసేపు చూసింది. "నమ్మాను," అంది.

ఆ ఒక్క మాటతో ఆయనకి ఎక్కిళ్ళు ఆగిపోయాయి. ముప్పై ఏడు రోజుల తర్వాత వినాల్సిన మాట, వందమంది ఎదుట ఇప్పుడే వినబడింది.

"మొదటిరోజే చెప్పి ఏడవచ్చుగా ఆ సంగతి!"

"చెప్తే నమ్మేదానివా?"

"నమ్మేదాన్ని కాదు. తిట్టేదాన్ని. ప్రాణానికి హాయిగా ఉండేది. మిమ్మల్ని ఒక్క మాట అనలేక ఈ తొమ్మిది రోజులూ చచ్చిపోయాను."

మేనేజరు తాళాల గుత్తి తెచ్చి రెండు చేతులతో ఇచ్చాడు. ప్రశంసాపత్రం మాత్రం రెండేళ్ళ తర్వాత ఇద్దామని వెనక్కి పుచ్చుకున్నాడు. స్టోర్ కీపర్ గుత్తి నడుముకి తగిలించుకుని, సిగరెట్ పెట్టె భార్యకి తిరిగివ్వబోయాడు. తిరిగిచ్చే సరుకైనా సరే, లెక్క చూడకుండా చెయ్యి దాటనివ్వడు కదా! మూత తెరిచి చూసుకున్నాడు. మళ్ళీ చూసుకున్నాడు.

"పది ఉండాలి. తొమ్మిదే ఉన్నాయి."

భార్య మొహం పక్కకి తిప్పుకుంది.

"మొన్న సాయంత్రం మీరు రాకముందు... బాల్కనీలో," అంది నేల చూస్తూ. "ఇరవై రెండేళ్ళు మీకిది నా మాటకన్నా ఎక్కువైపోయింది కదా, అసలందులో ఏముందో చూద్దామని. మీరు లేకుండా పోతే నాకింక చెప్పేవాళ్ళెవరు అనిపించింది."

"ఏముంది?"

"దగ్గు."

ఆ సాయంత్రం ఆ ఇంట్లో సిగరెట్ గురించి ఎప్పటిలాగే పెద్ద గొడవ జరిగింది. కాకపోతే ఈసారి కేకలు వేసింది ఆయన.