కొమురెల్లి విమానగణిత విజయం

గోదావరీ దక్షిణతీర భూమండలమున, వరికోతల పుణ్యకాలమున, కోరుట్ల పట్టణమందు, భూగోళమును చుట్టచుట్టి చంకన పెట్టుకొనగల మహామహుడు, తర్కప్రచండుడు కొమురెల్లి, బావమరిది భాస్కర్ ఎక్కిన దుబాయి విమానము ఎప్పుడు దిగునో గణించుటకు నడుము బిగించెను. టికెట్టు మీద మధ్యాహ్నం రెండున్నర అని స్పష్టముగా అచ్చయి ఉన్నది. చదివి ఊరకుండుట సామాన్యుల పని.

పోయినసారి ఈ వీరుడే శంషాబాదుకు ఆలస్యముగా చేరగా, భాస్కర్ దిక్కుతోచక అట్టపెట్టెల మీద కూర్చుండెను. ఆ అపకీర్తిని తలవక అత్తవారింట ఏ శుభకార్యమందును విస్తరి వేయరు. ఈసారి తప్పెనా, ఎదురుపోయి తెచ్చు గౌరవము సిరిసిల్లలోని తోడల్లుడు సంజీవ్‌కు పోవును. సంజీవ్‌కు తెల్లకారు కలదు. అది కొమురెల్లికి కంటిలో నలుసు.

కావున వీరుడు కూతురి అట్లాసు పరచి, మరమగ్గపు దారముచే సముద్రలంఘనము చేయించి, దూరము రెండున్నర వేల కిలోమీటర్లని తేల్చెను. విమానవేగముతో భాగించగా మూడున్నర గంటలు. అక్కడ తొమ్మిదిన్నరకు లేచినది ఒంటిగంటకు దిగవలె. మరి టికెట్టు రెండున్నర అనుటేల?

"నడుమ గంటన్నర ఎవలు మింగిండ్రు? గీ విమానం కంపెనీవోళ్లు మనల్ని ఎడ్డోళ్లను చేస్తున్నరు. ఒంటిగంటకే దిగుతడు, రాసిపెట్టుకో" అని సింహనాదము చేసెను.

అక్కడి సమయము మనకన్న గంటన్నర వెనుక అని భార్య బాలలక్ష్మి చెప్పబోయి, విననివానితో వాదమేలనని చింతపండు పిసుకసాగెను. వీరుడు దారికి ఐదు గంటలు తీసివేసి, ఎనిమిదికి కదలవలెనని శాసించి, గోడగడియారము వైపు చూచెను.

ఆ గడియారపు సంగతి వేరు. తమ్ముడు దుబాయి పోయిననాడే బాలలక్ష్మి దానిని అక్కడి సమయమునకు తిప్పెను. వాడెప్పుడు పనికి పోవునో, ఎప్పుడు తినునో ఇక్కడినుండే తెలియవలెనని. నాటినుండి ఇంటిల్లిపాది గంటన్నర కలిపి చదువుదురు. దానిలో ఎనిమిదన్న మనకు తొమ్మిదిన్నర. గణితమదోన్మత్తుడైన వీరుడు ఆ కలుపుట మరిచెను. రెండు తప్పులు కలిసి ఒప్పగుట కనిపెట్టిన బాలలక్ష్మి మరల చింతపండు పిసుకుటలో మునిగెను.

ఎనిమిది కొట్టగానే అద్దెజీపు కదిలెను. లెక్క తనది గనుక దారిలో ఫోను చూడవలసిన అగత్యమే లేకపోయెను. సర్వగుంతలను జయించి రథము శంషాబాదు చేరువేళకు, విమానము నేల తాకెను. బయటికి వచ్చిన భాస్కర్‌ను కౌగిలించుకొనక ముందే వీరుడు సమయమడిగెను. అతని చేతిగడియారము ఇంకా దుబాయిలోనే ఉన్నది.

"దిగంగనే చూసిన బావా, ఒంటిగంటనే అయింది."

అక్కడికక్కడే తోడల్లునికి ఫోను పోయెను.

సాయంకాలము ఇల్లు చేరి వీరుడు తన గణితమహిమను మూడవమారు వర్ణించుచుండగా, బాలలక్ష్మి స్టూలెక్కి గడియారపు ముల్లును గంటన్నర ముందుకు తిప్పెను.

"ఖరాబైందా?" అని అతడడిగెను.

"కాలే. తమ్ముడు ఈడున్నన్ని దినాలు గది ఈడి టైమే చూపియ్యాలె" అని ఆమె కొంగుతో కళ్లు తుడుచుకొనెను.

వీరునికి ఏదో తట్టబోయి, మాంసపుకూర ఘుమఘుమకు తట్టకుండ పోయెను. ఇట్లు అచ్చయిన టికెట్టును ఓడించి, భూమి గుండ్రముగా ఉన్నదన్న సంగతిని సైతము లెక్కచేయక, బావమరిదిని అట్టపెట్టె మీద కూర్చుండనీయని కొమురెల్లికి జయమగు గాక.