పొదుపు సంఘం వారి విజయోత్సవం

గాజువాక పక్కనున్న మా ఉక్కు ఉద్యోగుల కాలనీ పొదుపులో ప్రథమ బహుమతి సాధించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. కర్మాగారం ఇంకా కట్టుబడిలోనే ఉంది గాని, జీతాలకు మాత్రం ఏ లోటూ లేదు. ఈ ఘనతంతా మా సంఘాధ్యక్షులు శ్రీ భీమశంకరరావు గారిది. కృష్ణా జిల్లా నుంచి వచ్చి, ఉద్యోగం చేసుకుంటూనే రోడ్డు వార నాలుగు షాపులు కట్టించి అద్దెలకిచ్చిన దూరదృష్టి వారిది.

జీతాల సాయంత్రం సంచులు పట్టుకుని బజారు మీద పడడం మా దురలవాటు. "బజారుకిచ్చిన రూపాయి మళ్లీ మన గడప తొక్కదు" అని వారు సెలవిచ్చారు. మేమంతా ఇకపై ఏమీ కొనబోమని ప్రమాణం చేశాం.

ఆ సాయంత్రం బజారు ఎంత ప్రశాంతంగా ఉందనుకున్నారు! చేపలమ్మే జోగమ్మ గంపెడు వంజరాలతో చీకటి పడేదాకా కూర్చుంది. మమ్మల్ని చూసి, కాలనీ అంతా ఒక్కసారే మాల వేసుకున్నారా అని అడిగింది. దేశాభివృద్ధి గురించి ఓపిగ్గా వివరించాం. చేపలు మాత్రం కొనలేదు.

చేతిలో డబ్బాడక జోగమ్మ కొండలరావు హోటల్లో టీ మానేసింది. మిగతా గంపలవాళ్లూ మానేశారు. మేం ఎలాగూ మానేశాం. పాపం కొండలరావు గ్లాసులు బోర్లించి, షాపు తాళంచెవి దాని యజమానులైన అధ్యక్షుల వారికే అప్పగించి ఊరెళ్లిపోయాడు. తక్కిన మూడు షాపులూ అదే క్రమశిక్షణ పాటించాయి. అద్దెలు ఆగిపోవడం బజారు జనం నైతిక పతనమేనని అధ్యక్షులు తేల్చారు.

విజయోత్సవ సభకు దండ దొరకలేదు, టీ దొరకలేదు. సంఘం నిధి మాత్రం నిండుగా ఉంది. సభ మధ్యలో జోగమ్మ ఖాళీ గంపతో వచ్చి నిలబడింది.

"ఒక్క గంప సరుక్కి అప్పియ్యండి బాబూ. మీరు సేపలు కొంటే తీర్సేత్తాను. నేకపోతే నాను కూడా ఊరొగ్గీసి పోవాల."

అధ్యక్షులు చలించిపోయారు. మైకు సర్దుకున్నారు.

"చూడమ్మా, నువ్వూ మాలాగే నాలుగు రాళ్లు వెనకేసుకుని ఉంటే ఇవాళ ఇలా చెయ్యి చాచే అవస్థ వచ్చేదా?"

జోగమ్మ గంప నెత్తినెత్తుకుని దువ్వాడ స్టేషను దారి పట్టింది. ఆమె సందు మలుపు తిరగకముందే సభంతా చప్పట్లతో మారుమోగిపోయింది. నేనూ గట్టిగానే కొట్టాను. వాటికి ఖర్చేముంది?