వెయ్యి తొమ్మిదిలో మిగిలినవాడు

పిల్లలూ, ఈ కథ మీరు విని ఉండరు. లెక్కలు రెండుసార్లు సరిచూసే రాశాను. అయినా మీరూ ఒకసారి భాగించి చూడండి.

ఒక పెద్ద అడవిలో సింహంతో సహా వెయ్యి తొమ్మిది జంతువులుండేవి. ఎండలు ముదిరాయి. కార్చిచ్చు కాపలాకు అందరినీ సమానమైన జట్లుగా విడగొట్టమని సింహం ఆజ్ఞాపించింది.

కార్యదర్శి నక్క అందరినీ వరసలో నిలబెట్టి, తనను ఒకటిగా వేసుకుని లెక్క మొదలుపెట్టింది. రెండు జట్లు చేస్తే ఒకరు మిగిలారు. మూడు చేసినా ఒకరే. నాలుగు, ఆరు, ఏడు చేసినా ఒకరే. మిగిలింది ప్రతిసారీ చివరనున్న అలుగు. ఒంటినిండా పొలుసులతో మెల్లగా నడిచి, ఎక్కడికైనా ఆఖరున చేరే జీవి.

ఐదు జట్లు చేస్తే మాత్రం నలుగురు మిగిలారు. వాళ్ళలో సింహం బావమరిది ఉన్నాడు. "ఐదు అచ్చిరాదు" అని నక్క గబగబా దాటేసింది.

"కార్యదర్శి గారూ, నన్నోసారి ముందు నిలబెట్టి చూడండి" అంది అలుగు.

నిలబెట్టారు. ఈసారి నెమలి మిగిలింది.

"చూశారా! ముందు నిలబడి వరసంతా చెడగొట్టాడు!" అని నెమలి గోలపెట్టింది.

నిజానికి వెయ్యి తొమ్మిదిని ఒకటీ, వెయ్యి తొమ్మిదీ తప్ప మరే సంఖ్యా శేషం లేకుండా భాగించదు. దాన్ని ప్రధాన సంఖ్య అంటారు. ఆ సంగతి అడవిలో ఎవరికీ తెలియదు. వాళ్ళకు తెలిసిందల్లా మిగిలింది ఎవరన్నదే.

"మహారాజా, ఈ అలుగు ఒక్కణ్ణి పంపేస్తే వెయ్యెనిమిది" అంది నక్క.

"వెయ్యెనిమిదా! పూజకు పనికొచ్చే సంఖ్య!" అని పురోహితుడు కొంగ కళ్ళు మూసుకుంది.

"మిగిలినవాడు వాగు దాటాలి" అని సింహం శాసనం చేసింది.

"వాగు అవతల ఒక్క చెదలపుట్టయినా లేదు ప్రభూ, నేనేం తినాలి?" అంది అలుగు.

"అది లెక్కల్లోకి రాదోయ్" అంది నక్క.

అలుగు వెళ్ళిపోయింది. జట్లు చక్కగా కుదిరాయి. అందరూ చప్పట్లు కొట్టారు.

మర్నాడే ఆడసింహం ఒక కూనను కన్నది. మళ్ళీ వెయ్యి తొమ్మిది. పసికూన కదా, వరసలో చివరనుంది.

"మిగిలినవాడు..." అని మొదలుపెట్టిన నక్క, ఆడసింహం చూపు చూసి నాలుక కరుచుకుంది.

"నా బిడ్డ మిగలడు. ఇంకొకణ్ణి చూడు" అంది ఆడసింహం.

ఆ మాట వినగానే జంతువులన్నీ ముందుకు పరుగెత్తాయి. చివర నిలబడేవాడు లేడు. తోసుకుని తోసుకుని వరస వంగింది, వంగి వంగి గుండ్రమైంది. కూనను నోట కరుచుకుని ఆడసింహం, దాని పక్కన సింహం కూడా దూరాయి. లెక్కపెట్టడానికి బయట నిలబడ్డ నక్క చుట్టూ తిరిగింది. మొదలెక్కడో, చివరెక్కడో దొరకలేదు.

"కాస్త జరగండర్రా, నేనూ లోపలికి వస్తాను!"

"చోటు లేదు కార్యదర్శి గారూ" అన్నారు అందరూ ఒక్కసారే.

"అయితే మిగిలింది నువ్వేనన్నమాట" అంది సింహం.

నక్క వాగు దాటింది. ఇక అడవిలో లెక్కపెట్టడం వచ్చినవాడు లేడు. ఆ సాయంత్రమే అలుగు ఇవతలికి వచ్చేసి చెదలు తింటూ కూర్చుంది. ఎవరూ గమనించలేదు. ఆ వేసవి కాపలాకు జట్లు లేవు. పొగ కనిపించినవాడు అరిచాడు, అరుపు విన్నవాడు పరుగెత్తాడు.

నీతి: లెక్క కుదరకపోతే మిగిలినవాణ్ణి గెంటేయండి, మీరు మాత్రం ఎప్పుడూ లెక్కపెట్టేవాడిగా ఉండకండి.

ఈ కథ మీ దగ్గరే ఆపకండమ్మా. మీ తరగతిలో ఆటకు జట్లు కట్టేటప్పుడు ఎవరైనా మిగిలిపోతే, ముందు వాళ్ళకే చెప్పండి.