పక్క తిప్పుడు ఫారం

మనిషి ఒంట్లో ప్రభుత్వ రక్షణ అత్యవసరమైన భాగం వీపేనని ప్రజారోగ్య మండలి ఎట్టకేలకు గుర్తించింది. అంతకుముందు, మంచం దిగలేని రోగులను రెండు గంటలకోసారి పక్కకు తిప్పే పనిని నర్సులు కేవలం అలవాటు కొద్దీ, ఏ చట్టబద్ధమైన ఆధారమూ లేకుండా చేసేసేవారు. (పుళ్లు పడేవి కావు. కానీ ఎందుకు పడలేదో చెప్పే కాగితం ఒక్కటీ లేదు.)

ఈ అరాచకాన్ని అరికట్టడానికి వచ్చిందే పక్క తిప్పుడు ఫారం. దాన్ని తయారు చేసిన సంఘంలో ఎముకల వార్డు హెడ్ సిస్టర్ సభ్యురాలు. ఊరికే సభ్యురాలని సరిపెడితే ఆమెకు అన్యాయం చేసినట్టే. ఫారంలోని ముప్పైనాలుగు గడుల్లో పంతొమ్మిది ఆమె చలవే. రోగిని ఏ పక్క నుంచి ఏ పక్కకు తిప్పారు, ముందుగా అనుమతి అడిగారా, తిప్పాక దిండు ఏ స్థితిలో ఉంది వగైరా. దిండు గడిని సంఘం ఆమోదించిన రోజు ఆమె ఇంటికెళ్లి భర్తకు రెండుసార్లు చెప్పుకుంది. ఆయన రెండుసార్లూ "ఊఁ" అన్నాడు. మండలి లా ఆఫీసరు మాత్రం సంఘం సమావేశంలో లేచి నిలబడి మరీ మెచ్చుకున్నాడు.

"కోర్టు దృష్టిలో రాయనిది జరగనట్టే సిస్టర్. మీరు రాయించండి చాలు, మిగతాది మేం చూసుకుంటాం."

మిగతాది అంటే ఏమిటో ఆమె అడగలేదు. పొగుడుతున్న మనిషిని మధ్యలో ఆపడం మర్యాద కాదు కదా.

రోగిని తిప్పడానికి నాలుగు నిమిషాలు పడుతుంది, ఫారం నింపడానికి పదకొండు. వార్డులో మంచం దిగలేనివాళ్లు పద్దెనిమిది మంది, నర్సులు ఇద్దరు. రెండు పనులూ చేస్తే రెండు గంటలు చాలవు, ఒకటే చేస్తే చాలుతాయి. ఆ ఒకటి ఏదో నర్సులకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. మూడు నెలలు వరసగా మండలి తనిఖీలో వార్డుకు నూటికి నూరు వచ్చాయి. వాటితో వచ్చిన మెచ్చుకోలు పత్రాలకు హెడ్ సిస్టర్ అద్దాలు కట్టించింది.

నాలుగో నెల తనిఖీ రోజున, ఇన్‌స్పెక్టరు ఒంటిగంటకు వస్తాడనగా, ఆమె పదకొండింటికి ఫారాలు సరిచూసుకుంటూ తొమ్మిదో మంచం దగ్గరికి వచ్చింది. అక్కడ తుంటి ఎముకకు ఆపరేషనై పడుకున్న పెద్దావిడ కూడా ఒకప్పుడు నర్సే. ముప్పై ఏళ్ల కిందట హెడ్ సిస్టర్‌కు పని నేర్పింది ఆవిడే.

"ఏమే, నా నడుం దగ్గర మండిపోతోంది. కాస్త చూడు."

"పదింటికి కుడి పక్కకి తిప్పారు కదమ్మా. దిండు కూడా సరిగ్గా ఉందని రాశారు."

"ఎవర్ని తిప్పారు?"

"మిమ్మల్నే."

"నిన్నటి నుంచి నేను ఆ ఫ్యాన్నే చూస్తున్నానే. ఫ్యాను కుడి పక్కనుందా?"

హెడ్ సిస్టర్ ఫారం చూసింది. తలెత్తి ఫ్యాను చూసింది. (ఫారంలో ఫ్యానుకు గడి లేదు. వచ్చే సవరణలో చేర్పించాలని ఆమెకు వెంటనే తోచింది. అలా తోచినందుకు తనను తాను ఇప్పటికీ క్షమించుకోలేదు.)

నర్సును పిలిచింది.

"నాకింకా ఆరు ఫారాలున్నాయి సిస్టర్," అంది ఆ అమ్మాయి.

"అక్కడ పడేసి రా."

ఇద్దరూ చేతులు వేశారు. ఎలా తిప్పాలో పెద్దావిడే పడుకుని చెప్పింది. "లాగకండి, చర్మం లేచిపోతుంది. దుప్పటితో సహా జరపండి. కాళ్ల మధ్య దిండు పెట్టు. ఆఁ, దిండు అందుకే ఉంది."

నడుం కింద అరచేయంత ఎర్రమచ్చ. వేలితో నొక్కినా రంగు మారలేదు. ఇంకో రోజు ఆలస్యమైతే చర్మం చిట్లి పుండయ్యేది. హెడ్ సిస్టర్ సిగ్గుతో చచ్చిపోయింది.

"ఫారం నీదేనటగా," అంది పెద్దావిడ గోడవైపు తిరిగి ఉండే. "ముచ్చటగా ఉందే."

ఒంటిగంటకల్లా పద్దెనిమిది మందినీ తిప్పేశారు. మరో ముగ్గురి వీపుల మీద అలాంటి మచ్చలే బయటపడ్డాయి. పన్నెండు గంటల ఫారాలన్నీ ఖాళీగా ఉండిపోయాయి. ఇన్‌స్పెక్టరు వచ్చి కాగితాలు తిరగేస్తుంటే ఆమె అడ్డుపడింది.

"నలుగురికి మచ్చలొచ్చాయండీ. ముందు అది రాసుకోండి."

ఆయన ముప్పైనాలుగు గడులూ ఓపిగ్గా వెతికాడు. "మచ్చలకి గడి లేదే. అసలు వీపు ఎలా ఉందో రాయడానికే గడి లేదు. పెట్టించలేదేం?"

"తోచలేదండీ. దిండుకి పెట్టించాను."

నివేదిక సాయంత్రానికి చేతికొచ్చింది. పన్నెండు గంటల వేళ పద్దెనిమిది మంది రోగులు ఘోర నిర్లక్ష్యానికి గురయ్యారనీ, విచారించగా ఆ సమయంలో నర్సులందరూ పని మానేసి రోగుల దగ్గర ఉన్నట్టు తేలిందనీ అందులో ఉంది. ఇకముందు అలా జరగనివ్వనని రాసివ్వకపోతే నర్సులిద్దరి ఉద్యోగాలూ పోతాయన్నారు కాబట్టి, హెడ్ సిస్టర్ రాసిచ్చింది.