గాలయ్యకు నొప్పి లేదు

మాధవీలత ఆ రోజు ఉదయం వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. యాప్రాల్‌లో ఇంటి దగ్గరి దుకాణంలో కలాకంద్ డబ్బా కొనడం, మేడ్చల్ ఆఫీసుకు చేరగానే మోకాళ్ల పొడి రిపోర్టు పంపడం, ఉద్యోగం పర్మనెంటు చేస్తూ ఇచ్చే ఉత్తరం చేతికి రాగానే డబ్బా విప్పి అందరికీ తలా ముక్క పెట్టడం. కొన్నేళ్లుగా ఆమె ఆ కంపెనీలో తాత్కాలిక ఉద్యోగి. ఇదివరకు కూడా ఇలాగే డబ్బా కొని, ఉత్తరం రాక, ఇంటికి తిరిగి తెచ్చుకున్న అనుభవం ఉంది.

"ఈసారన్న గా డబ్బ ఆఫీసుల అయిపోవాలె మమ్మీ. నాకు కలాకంద్ మీద విరక్తి పుట్టింది" అంది కూతురు శ్రీజ.

కంపెనీ కొత్తగా అమ్మబోయే పొడి పేరు 'హాయినడక'. శామీర్‌పేట వైపు ఊళ్లలో మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు మూడు నెలలు పొట్లాలు ఉచితంగా ఇచ్చి, వారానికోసారి నొప్పి ఎంతుందో అడిగి, సున్నా నుంచి పది దాకా ఒక అంకె రాసుకోవడమే పరిశోధన. సున్నా అంటే నొప్పి లేదు. పది అంటే ప్రాణం పోతోంది. అడగడం జాన్సన్ పని. అతను అల్వాల్ నుంచి బండి మీద ఊరూరూ తిరుగుతాడు. అంకెలు కూడి సగటు తీయడం మాధవీలత పని. సగటు ఎంత రావాలో చెప్పడం పరిశోధన విభాగం అధిపతి జనార్ధన్ పని.

ఆ ఉదయం సగటు మొండికేసింది. పొడి తినకముందు నొప్పి ఎంతుందో, తిన్న తర్వాత కూడా ఇంచుమించు అంతే ఉంది. జనార్ధన్ వచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడి తెర వైపు వంగి చూశాడు.

"గీ ఖాళీ గడులేందమ్మా?"

"జవాబు రానివి సార్. కొందరు ఫోనెత్తలేదు, కొందరు ఊర్ల లేరు. జాన్సన్ ఖాళీగ వదిలేసిండు."

"నొప్పి ఉన్నోడు ఊకుంటడా? పొడి ఇచ్చినోణ్ణి ఎతుక్కుంట వచ్చి మరీ తిడతడు. జవాబు చెప్పలేదంటే ఏంది? చెప్పుకునేటంత నొప్పి లేదు. సున్నా వెయ్యి."

"అట్ల వెయ్యకూడదు సార్. తెల్వకుంటే తెల్వదనే రాయాలె."

"తెల్వదని రాసేటోళ్లను ఎవరు పర్మనెంటు జేస్తరమ్మా? ఖాళీ గడి కంటికి బాగుండదు."

మాధవీలత సున్నాలు వేసింది. ఒక్క మీట నొక్కితే ఖాళీలన్నీ నిండిపోయాయి. తప్పు చేయడానికి ఆ యంత్రం చాలా అనువుగా ఉంటుంది. రిపోర్టు కింద సంతకం చేసింది. సగటు, బెత్తం చూసిన పిల్లవాడిలా, చూపించిన చోటికి వచ్చి కూర్చుంది.

మధ్యాహ్నానికి రిపోర్టు కంపెనీ యజమానికి చేరింది. ఆయనను అందరూ పెద్దసారు అంటారు. పెద్దసారుకు సగటుల మీద ఆసక్తి లేదు. మనుషులు కావాలి. పట్టికలో అందరికంటే బాగా కోలుకున్న మనిషిని వెతికి, జనార్ధన్‌నూ మాధవీలతనూ గదిలోకి పిలిపించారు.

"ఈయన్ని చూడండి! పొడి ఇవ్వకముందు నొప్పి పది. మొదటి వారం నుంచి సున్నా. చివరిదాకా సున్నా. ఎవరీ గాలయ్య?"

"శామీర్‌పేట చెరువుల చేపలు పట్టేటాయన సార్" అన్నాడు జనార్ధన్, గర్వంగా.

"రేపు మన సభలో ఆయనే హీరో. మందుల షాపులవాళ్లంతా వస్తున్నారు. ఆయన్ని స్టేజీ మీద నడిపించండి. నిలువెత్తు ఫ్లెక్సీ కొట్టించండి. అమ్మా మాధవీలతా, మీ ఉత్తరం కూడా అందరి ముందూ నా చేతుల మీదుగా ఇస్తాను."

కలాకంద్ డబ్బా ఆఫీసు ఫ్రిజ్‌లోకి వెళ్లింది. జాన్సన్ తొలిరోజున తీసిన గాలయ్య ఫోటో ఫ్లెక్సీలవాడికి వెళ్లింది. ఆ తర్వాత జనార్ధన్ జాన్సన్‌కు ఫోన్ చేశాడు.

"జాన్సన్, రేపు పొద్దుగాల గాలయ్యను ఫంక్షన్ హాలుకు తోల్కరా."

జాన్సన్ బండి పక్కకు ఆపాడు.

"ఏ గాలయ్య సార్?"

"చెరువు గాలయ్య. నొప్పి లేనాయన."

"ఆయన సచ్చిపోయిండు సార్. మొదటి వారంలనే. రాత్రి ఛాతిల నొప్పొచ్చి. మన పొట్లం ఇప్పను గూడ ఇప్పలే."

"మరి చెప్పలేదేంది?"

"సచ్చిపోయినోళ్లను రాయనీకి మన కాయితంల గడి లేదు సార్. సోమవారం మీటింగ్ల చెప్పబోతె నెగెటివ్ ముచ్చట్లు వద్దంటిరి. గందుకే ఖాళీ పెట్టిన."

జనార్ధన్ ఫోను చేత్తో మూసి మాధవీలత వైపు తిరిగాడు. "సచ్చిపోయినాయనకు సున్నా ఎట్ల వేస్తివమ్మా?"

"మీరే గద సార్ వెయ్యమన్నరు."

"నేను నోటితోని అన్న. నువ్వు సంతకం జేసినవ్."

ఆమెకు ఆ ఉత్తరం కళ్ల ముందు మెదిలింది. ఇప్పుడు నిజం చెబితే ఉత్తరం ఉండదు. చెప్పకపోతే గాలయ్య ఉండాలి. పెద్దసారుకు చెబుదామంటే ఫ్లెక్సీ అప్పటికే అచ్చవుతోంది. జనార్ధన్ మళ్లీ ఫోను చెవిన పెట్టుకున్నాడు.

"ఆయనకు అన్నదమ్ములు ఎవరన్న ఉన్నరా?"

"తమ్ముడున్నడు సార్, బాలరాజు. అచ్చం గదే మొహం. గాని సార్..."

"గాని గీని ఏం లేదు. తోల్కరా. అన్న పేరు చెప్పుకొని నాలుగడుగులు నడుస్తే సాలు."

ఆ సాయంత్రం జాన్సన్ చెరువు ఒడ్డున ఉన్న ఆ ఇంటి ముందు చాలాసేపు బండి దిగకుండా కూర్చున్నాడు. ఆదివారం చర్చిలో ముందు వరుసలో కూర్చునే మనిషి. గాలయ్య భార్య బుచ్చవ్వ ముఖం చూశాక, ఆఫీసులో చెప్పమన్న మాట నోట రాలేదు.

"ఏంది జాన్సనూ, గట్ల నిలబడ్డవ్? మల్ల పొట్లాలు తెచ్చినవా?"

"లేదవ్వా. రేపు మా కంపెనీల మీటింగున్నది. గాలయ్యన్నను... యాది జేసుకుంటున్నరు. ఫోటో గూడ పెడుతున్నరు. బాలరాజన్న వచ్చి శాలువ కప్పిచ్చుకుంటె సాలు."

బుచ్చవ్వకు భర్త పోయిన రోజు గుర్తొచ్చింది. గాలయ్య పోయినప్పుడు ఊరు ఊరంతా మరొకరి ఇంట పెళ్లిలో ఉంది. పాడె మోసేందుకు మనుషులు దొరకడమే కష్టమైంది. మైకులో ఒక్క మాట చెప్పినవాడు లేడు.

"బాలరాజొక్కడే ఏంది? నేను గూడ వస్త. వాడకట్టు వాడకట్టే వస్తది" అంది.

మరునాడు వాడకట్టు నిజంగానే వచ్చింది, ఒక ట్రాలీ ఆటో నిండా. బుచ్చవ్వ ఒళ్లో చేపల పులుసు గిన్నె ఉంది, దాని పక్కన గాలయ్యకు ఇష్టమైన కల్లు సీసా. హాల్లో అడుగు పెట్టగానే ఆమెకు నిలువెత్తు గాలయ్య నవ్వుతూ ఎదురయ్యాడు. బతికున్నప్పుడు అంత పెద్దగా ఎన్నడూ కనిపించలేదు. ఆమె కొంగులోంచి బంతిపూల దండ తీసింది. అలంకరణవాళ్లు అది కార్యక్రమంలో భాగమేననుకుని స్టూలు తెచ్చి, దండ సరిగ్గా మధ్యలోకి వచ్చేలా కట్టిపెట్టారు. ఆమె ఫోటో ముందు విస్తరి పరిచి, అన్నం, పులుసు వడ్డించి, సీసా మూత తీసి పెట్టింది.

జనార్ధన్ పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, గా దండ తియ్యాలె! గిది సంతాప సభ గాదు!"

"ఎట్ల తియ్యమంటవ్ సారూ? మీరే గద ఫోటో పెట్టింది" అంది బుచ్చవ్వ. ఆమె వెనక ఆడవాళ్లు అప్పటికే గొంతెత్తి ఏడుపు మొదలుపెట్టారు.

అప్పుడే పెద్దసారు కారు దిగారు. దండ వైపు, విస్తరి వైపు, ఏడుస్తున్న ఆడవాళ్ల వైపు చూశారు.

"ఏంటిది?"

"భక్తి సార్. మన పొడి అంటే ఊళ్లె గంత భక్తి. ఆనందం పట్టలేక ఏడుస్తున్నరు" అన్నాడు జనార్ధన్.

"ఈ వాసన?"

"ప్రసాదం సార్."

పెద్దసారు చెప్పులు విడిచి ఫోటోకు దణ్ణం పెట్టుకుని వేదిక ఎక్కారు. మాధవీలత వేదిక పక్కన లాప్‌టాప్ ముందు కూర్చుంది. పెద్దసారు జేబులోంచి ఆమె ఉత్తరం అంచు తెల్లగా బయటికి కనిపిస్తోంది. తెర మీద సగటు అందంగా కిందికి జారింది. మందుల షాపులవాళ్లు చప్పట్లు కొట్టారు.

"ఇప్పుడు, మన హాయినడకకు సజీవ సాక్ష్యం, గాలయ్య గారు వేదిక మీదికి రావాలి!" అని పెద్దసారు మైకులో పిలిచారు.

బుచ్చవ్వ తల చటుక్కున పైకెత్తింది. బాలరాజు మాత్రం, అన్న తరఫున తననే పిలిచారనుకుని, ముందు కుర్చీ వీపు పట్టుకుని లేచాడు. మోకాళ్ల మీద చేతులు ఆనించి ఒక్కో మెట్టూ మూలుగుతూ ఎక్కాడు. జాన్సన్ నిన్న ఫోనులో చెప్పబోయి ఆగిపోయిన 'గాని' అదే.

"నవ్వుకుంట నడువు" అన్నాడు జనార్ధన్, పళ్ల మధ్య నుంచి.

"ఎట్ల నవ్వాలె సారూ, పానం పోతాంది" అన్నాడు బాలరాజు. మైకు దగ్గరే ఉండడంతో ఆ మాట హాలంతా వినిపించింది.

పెద్దసారు శాలువా పట్టుకుని ఆగిపోయారు. "గాలయ్య గారూ, మీరు మా పొడి వాడారు కదా?"

"వాడిన సారూ. అన్న పోయినంక గూడ ఆయన పేరు మీద పొట్లాలు వస్తనే ఉండె. పారేసుడెందుకని నేనే తిన్న. ఒక్కటి ఇడవలే. మోకాళ్లు ఎట్లున్నయో అట్లనే ఉన్నయి."

"అన్న ఎవరు?"

"గాలయ్యన్న. గా దండ ఉన్నాయన. మీరు యాది జేసుకుంటున్నరంటే వచ్చినం."

పెద్దసారు జనార్ధన్ వైపు చూశారు. "సంతకం మాధవీలతది సార్" అన్నాడు జనార్ధన్. మాధవీలత తలుపు దగ్గరున్న జాన్సన్ వైపు చూసింది. తప్పు అతని మీదికి నెట్టడం తేలిక. అతను తల వంచుకుని, ఆ మాట కోసం సిద్ధంగా నిలబడి ఉన్నాడు. ఆమె లేచి మైకు దగ్గరికి వచ్చింది.

"గాలయ్య గారు చనిపోయారు సార్. ఆయన దగ్గర్నుంచి మాకు జవాబు రాలేదు. జవాబు రానిచోట సున్నా వేశాను. ఆయనొక్కరికే కాదు, మాట్లాడనివాళ్లందరికీ వేశాను."

"సున్న అంటే ఏంది బిడ్డా?" అని కింద నుంచి అడిగింది బుచ్చవ్వ.

"నొప్పి లేదని, అవ్వా."

బుచ్చవ్వ ఫోటో వైపు చూసింది.

"గది నిజమే. ఆయనకు లేదు" అంది.

పెద్దసారు వ్యాపారంలో జుట్టు నెరిసిన మనిషి. మైకు అందుకుని, దివంగత గాలయ్య గారి కోసం అందరినీ లేచి నిలబడి మౌనం పాటించమన్నారు. శాలువా బుచ్చవ్వకు కప్పారు. మందుల షాపులవాళ్లు కళ్లు తుడుచుకుని భోజనాలకు కదిలారు. ఇలాంటి మనసున్న కంపెనీని తాము చూడలేదని కొందరు అప్పటికప్పుడే ఆర్డర్లు రాయించారు.

తర్వాత పెద్దసారు మాధవీలతను పక్క గదిలోకి పిలిచారు. ఆమె ఉద్యోగం పోవడానికి సిద్ధపడే వెళ్లింది. ఆయన జేబులోంచి ఉత్తరం తీసి చేతికిచ్చారు.

"నిజం చెప్పే మనిషి సంతకానికి విలువ ఎక్కువ. కొత్త రిపోర్టు మీద కూడా మీరే పెట్టండి. చనిపోయినవాళ్లను, జవాబు చెప్పనివాళ్లను లెక్కలోంచే తీసేశాం. లేనివాళ్లు లెక్క చెడగొట్టరు."

జనార్ధన్ కొత్త కాగితం అందించాడు. అందులో సగటు పక్కన ఈసారి ఇంకో వరుస, దాని చివర ఇంకో సున్నా చేరాయి. మాధవీలత దాన్ని రెండుసార్లు చదివింది. కలం మూత పెట్టి, ఉత్తరాన్ని బల్ల మీద ఉంచింది.

"సంతకం ఖాళీ ఉంటే కంటికి బాగుండదమ్మా" అన్నాడు జనార్ధన్.

ఆమె బయటికి వచ్చేసరికి బుచ్చవ్వవాళ్లు ఫ్లెక్సీ ముందు నేల మీద కూర్చుని తింటున్నారు. మాధవీలత పొద్దున ఆఫీసు ఫ్రిజ్‌లోంచి తెచ్చుకున్న కలాకంద్ డబ్బా విప్పి వాళ్ల మధ్య పెట్టింది. "నువ్వు గూడ కూసో బిడ్డా" అని బుచ్చవ్వ ఆమెకు చేపల పులుసుతో అన్నం పెట్టింది.

సాయంత్రం శ్రీజ ఖాళీ డబ్బా చూసి ఎగిరి గంతేసింది. "పర్మనెంటయిందా మమ్మీ?"

"డబ్బా అయిపోయింది" అంది మాధవీలత.

సంతకం చోటు ఎక్కువసేపు ఖాళీగా లేదని జాన్సన్ తర్వాత చెప్పాడు. మరుసటి నెల గాలయ్య పేరు మీద మళ్లీ ఒక అట్టపెట్టె వచ్చింది. కొత్త రంగులు, కొత్త అక్షరాలు. బుచ్చవ్వ మరిదిని పిలిచి చదవమంది.

"'వాడినవారిలో మరణాలు: సున్నా' అని రాసిండ్రు వదినె."

"మరి మీ అన్నను యాడ రాసిండ్రు?"

బాలరాజు అట్టపెట్టెను అటూ ఇటూ తిప్పి, అడుగు కూడా చూశాడు. అన్నకు ఎక్కడా గడి లేదు.