నాలుగు డిగ్రీల హాలు

ఆ ఉదయం మాస్టారి పథకం చాలా నిరాడంబరమైనది: భోజనానికి రాబోతున్న బావమరిది మెడలోని తాయెత్తును శాస్త్రీయంగా తీయించడం. పందెం ముందే కుదిరింది. హాలు తనంతట తానే ఇరవై నాలుగు డిగ్రీల దగ్గర నిలిస్తే బావమరిది తాయెత్తు తీసేయాలి. నిలవకపోతే మాస్టారు కట్టుకోవాలి. జీవితమంతా భౌతికశాస్త్రం బోధించిన మనిషికి అంతకు మించిన అప్రతిష్ఠ లేదు.

తమ హాలు వేడిమి పరాయి కంపెనీల చెవిన పడకూడదని ఆయన ఇంట్లోనే ఒక చిన్న కంప్యూటరును కొలువుదీర్చారు. బొత్తాల్లాంటి వైర్‌లెస్ సెన్సర్లు రెండింటిని దానికి అనుసంధానించారు. ఒకటి హాలుకు, ఒకటి ఫ్రిజ్‌కు. హాలు కొలతను బట్టి ఏసీని, హీటరును నడిపేది ఆ కంప్యూటరే.

"రెండూ కవలల్లా ఉన్నాయి. పేర్లు రాసి అంటించండి," అంది భార్య.

"పేర్లు ఫోన్లో ఉన్నాయి. యంత్రం మరిచిపోదు."

యంత్రం నిజంగానే మరిచిపోలేదు. తమ్ముడు వస్తున్నాడని భార్య హాలూ ఫ్రిజ్జూ తుడిచి, బొత్తాలను తారుమారుగా పెట్టింది. ఆ సంగతి యంత్రానికి ఎవరూ చెప్పలేదు.

కాసేపటికి ఫోను ప్రకటించింది: హాలు నాలుగు డిగ్రీలు. వెంటనే ఏసీ ఆగి, హీటరు వెలిగింది. మాస్టారు స్వెటరు తొడుక్కున్నారు.

"ఉడికిపోతున్నామండీ బాబూ!"

"అది నీ అనుభూతి. ఇది కొలత."

ఇంతలో ఫ్రిజ్ ముప్పై దాటిందని ఫోను గోల పెట్టింది. ఫ్రిజ్ తలుపు చేతికి చల్లగానే తగిలింది గాని, చేతిని ఎవరు ప్రమాణంగా తీసుకుంటారు? తర్కం స్పష్టం: ఇంట్లోకెల్లా చల్లని చోటు హాలే. పాలు, వెన్న, ఐస్‌క్రీము డబ్బా హాల్లోకి తరలి, హీటరు పక్కన కొలువుతీరాయి.

బావమరిది గుమ్మంలోనే ఆగిపోయాడు. "బావగారూ, చెమటలు కారుతుంటే ఈ స్వెటరేంటి?"

"చలి."

"అవునవును, ఐస్‌క్రీము కూడా చలికి తట్టుకోలేక పారిపోతోంది!"

మంచినీళ్ల కోసం ఫ్రిజ్ తెరిచిన అతను, అందులోని బొత్తాన్ని తీసి గుప్పిట్లో బిగించాడు. ఫోన్లో హాలు వేడెక్కసాగింది. చివరికి హీటరు ఆరింది.

"మీ హాలు నా గుప్పిట్లో ఉంది, బావగారూ! నేను తాయెత్తును నమ్మితే మూఢనమ్మకం. ఒళ్లు ఉడుకుతుంటే మీరు ఫోన్‌ను నమ్మితే?"

"ప్రయోగదోషం," అన్నారు మాస్టారు, స్వెటరు విప్పుతూ.

"దోషానికేగా తాయెత్తు కట్టేది!" అంటూ భార్య హాల్లోని బొత్తానికి దారం చుట్టి, ఆయన మెడలో కట్టేసింది. "మీరు నమ్మేదే కట్టానులెండి."

సాయంత్రం దాకా ఫ్రిజ్ ముప్పై ఆరు డిగ్రీల్లో ఉందని ఫోను మొత్తుకుంటూనే ఉంది. కొలతలో మాత్రం ఏ లోపమూ లేదు.